రెండవ ప్రతి అవిశ్వాసమా?

ధ్యానమునకు: ఎజ్రా 2:59–63, 6:1–5



ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయము వచ్చినప్పుడు మనలో అనేకులు పుటలు త్వరగా త్రిప్పివేయుదురు. అది బబులోను చెరనుండి తిరిగివచ్చినవారి పట్టిక. పేరులు, లెక్కలు తప్ప అందులో మన ఆత్మకు ఆహారమేమున్నదని అనుకొందుము. అయితే ఆ పట్టిక చివరి భాగమున హృదయమును నొప్పించు సంగతి యొకటి వ్రాయబడియున్నది. యాజకుల సంతతివారమని చెప్పుకొనిన కొన్ని కుటుంబములు వంశావళి పుస్తకములో తమ పేరులు వెదకిరి. అవి కనబడలేదు. పేరు కనబడనందున వారు యాజకధర్మమునకు దూరముగా ఉంచబడిరి. ఊరీము తుమ్మీములు గల యాజకుడు ఏర్పడువరకు పరిశుద్ధాహారమును ముట్టకూడదని అధికారి వారితో చెప్పెను.

వారు అబద్ధికులని గ్రంథము చెప్పుటలేదు. వారేదో పాపము చేసిరనియు చెప్పుటలేదు. ఉండవలసిన చోట దాఖలా లేకపోయెను; అంతే. ఆ లేమి యొక్క భారము వారి మీదను, వారి పిల్లల మీదను పడెను.

అదే గ్రంథము ఆరవ అధ్యాయమున దీనికి ఎదురుగా మరియొక సంగతి యున్నది. మందిరము కట్టుటకు మీకు సెలవిచ్చినవారెవరని నది యవతలి అధికారులు యూదులను అడిగిరి. కోరెషు రాజు ఆజ్ఞ యిచ్చియున్నాడని యూదులు ఉత్తరమిచ్చిరి. కోరెషు అప్పటికి లేడు. ఆ మాటకు సాక్ష్యము కావలెను. దర్యావేషు రాజు సెలవు చొప్పున బబులోనులో దస్తావేజులుంచు స్థలమును వెదకిరి. దొరికినది మాత్రము అచ్చట కాదు, దూరమున మాదీయుల ప్రదేశములోని ఎగ్బతానా పురములో. ఆ యొక్క గ్రంథపు చుట్ట దొరికినందున అడ్డు తొలగెను. మందిరపు వ్యయము సహితము రాజు సొమ్ములోనుండి ఇయ్యవలెనని ఉత్తరువాయెను.

ఒక చోట పేరు దొరకక కొందరు వెలుపల నిలిచిరి. ఒక చోట దూరపు ఊరిలో దాచిన చుట్ట దొరికి దేవుని పని సాగెను. ఈ రెండు అధ్యాయముల నడుమ నేటి మన సంఘములు నిలిచియున్నవని నాకు తోచుచున్నది.

నేటి వంశావళి పుస్తకము

మన తాతల కాలమున బాప్తిస్మపు రిజిస్టరు, వివాహపు రిజిస్టరు, సమాధుల రిజిస్టరు, చందా పుస్తకము గట్టి అట్టలు కట్టిన పెద్ద పుస్తకములుగా ఉండెడివి. పాదిరిగారి ఇంట చెక్కబీరువాలో వాటికి చోటుండెడిది. చెదలు, తేమ వాటికి శత్రువులు. నేడు అనేక పాస్టరేటులలో ఆ పని కంప్యూటరు చేయుచున్నది. రిజిస్టరులోని పేరులే గాక పాటల ప్రతులు, సండే స్కూలు పాఠములు, స్త్రీల సమాజపు లెక్కలు, గతించిన పెద్దల ఛాయాచిత్రములు అన్నియు ఒక చిన్న పెట్టెలో ఇమిడియున్నవి. ఆ పెట్టెలో వీటిని నిలువచేయు భాగమే హార్డ్ డిస్కు.

1956వ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థ మొదట వెలువరించిన హార్డ్ డిస్కు యంత్రములో 24 అంగుళముల వెడల్పు గల పళ్లెములు 50 ఉండెను. దాని బరువు సుమారు ఒక టన్ను. అది పట్టినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో పట్టు డిస్కు లక్ష కోట్ల బైట్లను మోయుచున్నది. దాని లోపల అద్దమువంటి పళ్లెములు నిమిషమునకు 5,400 సారులో 7,200 సారులో గిఱ్ఱున తిరుగుచుండును. వాటిమీద సూదిమొనవంటి తల యొకటి అటునిటు పోవుచు, అయస్కాంతపు చిన్న చిన్న గురుతులుగా మన అక్షరములను వ్రాయుచు చదువుచుండును. ఆ తల పళ్లెమును తాకదు. తలవెండ్రుక మందమును పదివేల పాళ్లు చేసినయెడల ఒక పాలు ఎంతయో, అంత యెడము మాత్రమే వాటి నడుమ ఉండును. ధూళికణము దూరినను, పెట్టె జారిపడినను, ఏండ్ల తరబడి తిరిగి అరిగినను ఆ తల పళ్లెమును గీయును. గీసిన చోట వ్రాసినది పోవును. చలించు భాగములు లేని ఎస్.ఎస్.డి. అను క్రొత్త రకము కూడ నిత్యము నిలుచునది కాదు. చెదలు పట్టిన పుస్తకములో సగము పుటయైనను మిగులును. చెడిన డిస్కులో ఒక్కొక్కప్పుడు ఏమియు మిగులదు.

గనుక తెలిసినవారు చెప్పు బుద్ధిమాట ఏదనగా, డిస్కు చెడునా చెడదా అని అడుగవద్దు, ఎప్పుడు చెడునో అని యెంచి ముందుగనే రెండవ ప్రతి తీసియుంచుకొనుడి అనునదే. ఆ ప్రతినే బ్యాకప్ అందురు.

ఒక పెద్ద సందేహము

ఇక్కడ భక్తిగల కొందరికి ఒక సందేహము కలుగును. అది తీసివేయదగిన సందేహము కాదు. "దేవుని పనికి సంబంధించినది దేవుడు కాపాడడా? రేపటిని గూర్చి చింతింపవద్దని ప్రభువు నేర్పలేదా? మన్నాను ఉదయమువరకు దాచుకొనినవారికి పురుగులే గదా మిగిలినవి? రెండు మూడు ప్రతులు తీసి అచ్చట నొకటి ఇచ్చట నొకటి దాచుట, నోట విశ్వాసము చెప్పుకొనుచు చేతితో అవిశ్వాసము చూపుట కాదా?" అని వారు అడుగుదురు.

దీనికి ఉత్తరము ఆ మన్నా అధ్యాయములోనే, అనగా నిర్గమకాండము 16వ అధ్యాయములోనే యున్నది. అచ్చట మన్నాను దాచుట మూడు విధములుగా కనబడుచున్నది. రేపు దేవుడు ఇచ్చునో లేదో యని భయపడి తమ కడుపు కొరకు దాచుకొనినవారిది పురుగుపట్టి కంపుకొట్టెను. విశ్రాంతిదినము కొరకు ఆజ్ఞ చొప్పున ముందటి దినమున దాచినది పురుగుపట్టలేదు. మరియు రాబోవు తరములవారు చూచునట్లు ఒక ఓమెరు మన్నాను గిన్నెలో పోసి సన్నిధిని ఉంచవలెనని దేవుడే సెలవిచ్చెను. పదార్థము ఒక్కటే, దాచుటయు ఒక్కటే. మరి భేదమెక్కడ? ఎవరి కొరకు దాచితిరి అనుచోట.

లూకా సువార్త 12వ అధ్యాయములోని ధనవంతుడు కొట్లు విప్పి పెద్దవి కట్టింపజూచెను. అతడు వెఱ్ఱివాడని పిలువబడెను. ఐగుప్తులో యోసేపు కూడ కొట్లు నింపించెను. అతడు జ్ఞానవంతుడని ఎంచబడెను. మొదటివాడు తన ప్రాణముతోనే మాటలాడుకొనెను. రెండవవాడు ఆకలిగొనబోవు జనములను తలంచెను.

గనుక నేను చెప్పునదేమనగా: నా సొమ్మును నేను పోగొట్టుకొనుటకు నాకు కొంత స్వాతంత్ర్యమున్నది, నాకు అప్పగింపబడిన దానిని పోగొట్టుటకు నాకు స్వాతంత్ర్యము లేదు. సంఘపు రిజిస్టరులోని పేరు కార్యదర్శిది కాదు, కాపరిది కాదు. ఆ పేరు గల బిడ్డది, ఆ విధవరాలిది, ఆ పాలేరుది. దానిని ఒక్కటే ప్రతిలో ఉంచి, దేవుడు చూచుకొనునని చెప్పుట విశ్వాసము కాదు. అది పొరుగువాని సొమ్మును పందెమునకు ఒడ్డి, పందెమునకు దేవుని జామీను పెట్టుటయే. దేవాలయ శిఖరము మీదనుండి దుముకుమని శోధకుడు చెప్పినప్పుడు మన ప్రభువు చేసినదేమో మనము ఎరుగుదుము గదా!

మరియు వ్రాతప్రతిని భద్రపరచుట భక్తులకు క్రొత్త కాదు. అనాతోతు పొలము కొనినప్పుడు యిర్మీయా క్రయపత్రమును ముద్రవేసినది యొకటి, ముద్రవేయనిది యొకటిగా ఉంచి, బహు దినములు నిలుచునట్లు మంటికుండలో దాచుమని బారూకు చేతికిచ్చెను (యిర్మీయా 32). పట్టణము ముట్టడిలో నుండగా చేసిన పని అది! అతనికి విశ్వాసము లేక కుండలో దాచెనా? కాదు, ఆ దేశములో ఇండ్లును పొలములును మరల కొనబడునని నమ్మినందుననే దాచెను. రాబోవు దినము కలదని నమ్మినవాడే దాని కొరకు పత్రము దాచును. మన దేశపు శాసనము కూడ ఈ బుద్ధినే చూపినది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము మన వివాహములలో అనేకమును రెండు ప్రతులుగా దాఖలు చేయవలెనని విధించెను.

గురుతులను గ్రహించుట

చెడబోవు డిస్కు ఒక్కొక్కప్పుడు ముందుగా గురుతులిచ్చును. తెరుచుకొనుటకు ఆలస్యమగును. నిన్న చదువబడిన ఫైలు నేడు చదువబడదు. లోపల టిక్కు టిక్కు మని శబ్దము వినబడును. తన దోషములను తానే లెక్కించుకొను స్మార్ట్ అను ఏర్పాటు డిస్కులలో ఉన్నది. చెడిన భాగములు ఎన్ని, వాటికి మారుగా వాడినవి ఎన్ని యని అది లెక్క చూపును. 2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు తమ యొద్దనున్న లక్షకు పైబడిన డిస్కులను పరీక్షించి రెండు సంగతులు తెలిపిరి. పరీక్షలో మొదటి దోషము కనబడిన డిస్కు, దోషము లేని డిస్కుకంటె, 60 దినములలోపల చెడిపోవుట 39 రెట్లు ఎక్కువ. ఇది మొదటిది. రెండవది యేమనగా, చెడిపోయిన డిస్కులలో సగమునకు మించినవి ముఖ్యమైన ఆ గురుతులలో ఒక్కటియు చూపకయే చెడిపోయెను.

ఈ రెండు సంగతులు ప్రసంగికునికి మంచి వాక్యభాగమువంటివి. గురుతు వచ్చినప్పుడు ఆలస్యము చేయకూడదు; గురుతు రాలేదని నిద్రపోకూడదు. దొంగ ఏ జామున వచ్చునో ఇంటి యజమానునికి తెలియదని ప్రభువు చెప్పిన ఉపమానము ఆత్మ విషయములోనే గాక అప్పగింపబడిన ప్రతి విషయములోను సత్యమే.

గురుతు కనబడినప్పుడు చేయవలసినదేమి? మొదటిది, ఆ డిస్కు మీద క్రొత్తగా ఏమియు వ్రాయకూడదు. రెండవది, దానిని బాగుచేయ ప్రయత్నించుటకంటె ముందు దానిలో చదువబడుచున్న దానిని మరియొక డిస్కుకు ఎత్తవలెను. రోగికి శక్తియున్నప్పుడే వీలునామా వ్రాయించుకొందురు గదా! డి.డి.రెస్క్యూ వంటి సాధనములు సులభముగా చదువబడు భాగములను ముందుగా ఎత్తి, కష్టమైన వాటిని తరువాత మరల మరల అడుగును. మొండిగా చెడిన చోటనే పట్టుకొని కూర్చుండిన, ఆ శ్రమలోనే మంచి భాగము కూడ పోవచ్చును. మూడవది, ఇంటిలో ఎవరును డిస్కు మూత విప్పకూడదు. లోపలికి పోయిన ధూళి మిగిలిన దానిని చంపును.

క్రొత్త డిస్కు బిగించుట పెద్ద విద్య కాదు. కరెంటు తీసివేసి, మరలు విప్పి, పాతదానికున్న తీగలను క్రొత్తదానికి తగిలించుట నేర్పుగల యువకుడు అరగంటలో చేయును. తరువాత కంప్యూటరును నడిపించు వ్యవస్థను దానిలో ఎక్కించి, దాచిన ప్రతిలోనుండి సమస్తమును దింపుకొనవలెను. అప్పుడు మొదటి పలకలు పగిలిన తరువాత మోషేకు కలిగిన ఆజ్ఞ జ్ఞాపకమునకు వచ్చును. రెండవ పలకలను చెక్కుట మోషే వంతు. వాటిమీద మొదటి మాటలనే వ్రాయుట దేవుని వంతు (నిర్గమకాండము 34). రాయి క్రొత్తది, మాట పాతదే. రాయి పగిలినంతమాత్రమున మాట పగులలేదు.

సెరాంపూరు అగ్ని

తిరిగి వచ్చునదేమి, రానిదేమి అను విషయమున మన తెలుగు భాషకు కూడ సంబంధించిన ఒక చరిత్ర కలదు. 1812 మార్చి 11వ తేదీ సాయంకాలము బెంగాలులోని సెరాంపూరు మిషను ముద్రణాలయములో అగ్ని పుట్టెను. విలియం కేరీ గారు ఆ వేళ కలకత్తాలో ఉండిరి. ఆయన సహకారి విలియం వార్డు గారును తోడివారును ఎంత పోరాడినను ఆ పొడుగాటి కట్టడము కాలిపోయెను. 14 ప్రాచ్య భాషల అచ్చు అక్షరములు, గొప్ప కాగితపు నిలువ, అనువాదముల వ్రాతప్రతులు, కేరీ గారు ఏండ్లతరబడి కూర్చుచున్న బహుభాషా నిఘంటువు, ఆయన వ్రాసిన తెలుగు వ్యాకరణము ఆ మంటలో పోయెను.

ఆ నష్టములో మూడు భాగములను గమనింపుడి. అచ్చు అక్షరములు కరిగిపోయెను గాని, వాటిని పోతపోయుటకు మూలమైన ఉక్కు ముద్రికలు శిథిలములలో చెడకుండ దొరికెను. కరిగిన లోహమునే ఎత్తి, ఆ మూలములతో మరల అక్షరములు పోసిరి. కొద్ది కాలములోనే ముద్రణ సాగెను. ఇది మూలప్రతి నిలిచియున్నందున కలిగిన మేలు. తెలుగు వ్యాకరణమునకు అట్టి మూలము లేదు. కేరీ గారు మరల కూర్చుండి శ్రమపడవలసివచ్చెను. అది 1814లో అచ్చయి వెలువడెను. ఇది శ్రమచేత తిరిగి వచ్చినది. బహుభాషా నిఘంటువు మరల వెలుగు చూడలేదు. ఇది తిరిగి రానిది.

డిస్కు చెడిన ప్రతి చోట ఈ మూడును ఉండును. దాచిన ప్రతిలోనుండి క్షణములో దిగివచ్చునది కొంత. కూర్చుండి మరల వ్రాసికొనవలసినది కొంత. ఎన్నటికిని రానిది కొంత. చివరి ప్రతి తీసిన దినమునకును డిస్కు చెడిన దినమునకును నడుమ జరిగినదంతయు రెండవ మూడవ రాసులలో పడును. నెలకొకసారి ప్రతి తీయు సంఘము నెల దినముల పేరులను పోగొట్టుకొనుటకు ఒప్పుకొన్నట్లే.

అగ్ని తరువాత ఆదివారమున కేరీ గారు కలకత్తాలో 46వ కీర్తన 10వ వచనము మీద ప్రసంగించిరి. ఆయన లోబడుట అట్టిది. అయితే లోబడినవాడు చేతులు ముడుచుకొనలేదు. నిశ్చలముగా ఉండి దేవుని తెలిసికొనుటయు, బూడిదలో వెదకి ముద్రికలు ఏరుటయు ఒకే విశ్వాసమునకు రెండు చేతులు.

పరీక్షింపని ప్రతి

ఇంకొక హెచ్చరిక అవసరము. రెండవ ప్రతి యున్నదని నమ్మి ఆనుకొనుటయు విగ్రహారాధన కాగలదు. యెహోవా ఆలయము మాకున్నదని చెప్పుకొని నిశ్చింతగా ఉన్నవారిని యిర్మీయా గద్దించెను (యిర్మీయా 7). ఉన్నదని చెప్పుకొనుట వేరు, ఉన్నదో లేదో చూచుట వేరు.

1998లో అమెరికాలోని పిక్సార్ అను సంస్థ టాయ్ స్టోరీ 2 అను బొమ్మల చలనచిత్రము తీయుచుండెను. ఒకరిచ్చిన పొరపాటు ఆజ్ఞవలన ఆ చిత్రపు పని చాలవరకు కంప్యూటర్లనుండి తుడిచివేయబడెను. భయములేదు, బ్యాకప్ ఉన్నదనుకొనిరి. చూడగా అది కొంతకాలముగా సరిగా పనిచేయుటలేదు. ఎవరును దానిని విప్పి చూడలేదు! గేలిన్ సస్మన్ అను ఉద్యోగిని బిడ్డను కనిన కారణమున ఇంటనుండి పనిచేయుచుండెను. ఆమె ఇంటి యంత్రములో ఒక ప్రతి యుండెను. దానిని దుప్పట్లతో చుట్టి కారులో తెచ్చిరి, చిత్రము నిలిచెను. కోట్ల రూపాయల సంస్థను ఉయ్యాల ప్రక్కనున్న ప్రతి కాపాడెను. ఇది వారి ఎగ్బతానా.

గనుక నెలకొకసారియైనను దాచిన ప్రతిలోనుండి ఒకటి రెండు ఫైళ్లు దింపి, తెరిచి, చదివి చూడవలెను. తెరిచి చూడని ప్రతి, తెరిచి చదువని బైబిలువంటిది. ఇంటిలో ఉండును, అక్కరకు రాదు.

మరియు ఎల్లప్పుడు యంత్రమునకు తగిలించియుండి దానిని అద్దమువలె అనుసరించు ప్రతి ఒక్కటే చాలదు. యంత్రములో పేరు తుడిచిన అద్దములోను తుడుచుకొనిపోవును. తప్పు వ్రాసిన తప్పే కనబడును. 2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్ట కార్యక్రమము అనేక దేశముల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళమువేసి డబ్బడిగినప్పుడు, వేరుగా విప్పి ఉంచిన ప్రతులే నమ్మదగినవని లోకము నేర్చుకొనెను. యోషీయా దినములలో మందిరమున దొరికిన ధర్మశాస్త్రగ్రంథము ఆనాటి జనుల నడతకు అద్దముగా ఉండలేదు. వారికి ఎదురుగా నిలిచి వారు ఎంత దూరము తొలగిపోయిరో చూపెను. అప్పుడప్పుడు తీసి, తేదీ వేసి, కదల్చక ఉంచిన ప్రతి అట్టి సాక్షి.

ప్రతులు ఎన్ని, ఎక్కడ? అమెరికా ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారము చేసిన సూత్రము గుర్తుంచుకొనుటకు సులభము: ప్రతులు 3, సాధనముల రకములు 2, వాటిలో 1 వేరొక చోట. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట ప్రతి మాట స్థిరపడవలెనను లేఖన నియమమునకు ఇది దూరము కాదు. వేరొక చోట ఎందుకని అడుగువారు 1977 నవంబరు 19వ తేదీని తలంచుకొనవలెను. ఆ దినమున దివిసీమ మీద విరుచుకొనిపడిన ఉప్పెన ఇండ్లను, మనుష్యులను, పశువులను వేల లెక్కన కొనిపోయెను. ఒకే పెట్టెలో పది ప్రతులున్నను అట్టి దినమున అవి ఒక్క ప్రతియే. ఒకటి చర్చిలో, ఒకటి కోశాధికారి ఇంట, ఒకటి పట్టణములోని నమ్మకమైన చోట ఉండనిండు. కాగితముమీద అచ్చువేసి కాపరి, పెద్దలు సంతకము చేసిన పట్టిక కూడ ఒక సాధనమే. దానిని చదువుటకు కరెంటు అక్కరలేదు.

పాత డిస్కును పారవేయువారికి ఒక మాట. తుడిచితిమనుకొనిన ఫైళ్లు అనేక సారులు దానిలో చదువబడునట్లుగానే ఉండును. క్రమశిక్షణ కాగితములు, సహాయము కోరిన పేదవారి ఉత్తరములు, కాపరికి రహస్యముగా చెప్పుకొనిన సంగతులు అందులో ఉండవచ్చును. దానిని పాత సామానులవానికి అమ్మకూడదు. పూర్తిగా చెరిపించి, లేదా పళ్లెములు పనికిరాకుండ పగులగొట్టించి, పెద్దల యెదుట లెక్క ముగింపవలెను. భద్రపరచుట ఎంత ధర్మమో, కొన్నింటిని మరుగుచేయుటయు అంత ధర్మము.

పేరు దొరకనివారి సంగతి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగివత్తము. డిస్కు చెడినది, ప్రతి లేదు, లేక ఆరు నెలల పాతది. ఒక విధవరాలు వచ్చి, భర్త పెన్షను కొరకు వివాహపు సర్టిఫికెట్టు కావలెనని అడుగుచున్నది. ఆమె పేరు దొరకలేదు. సంఘము ఏమి చేయవలెను?

రెండు తప్పుదారులు వెంటనే తెరుచుకొనును. ఒకటి, జాలిచేత ఊహించి తేదీ వ్రాసియిచ్చుట. ఎజ్రా కాలపు అధికారి ఆ పని చేయలేదు. దొరకని పేరును దొరికినట్లు వ్రాయలేదు. ఒక్క ఊహ చేరిన రిజిస్టరులో మిగిలిన సత్యములన్నియు అనుమానాస్పదములగును. ఒకరికి చేసిన మేలు వేయిమందికి కీడగును. ఖాళీని ఖాళీగా చూపుట కార్యదర్శికి సిగ్గుగా తోచవచ్చును. అయినను ఆ సిగ్గు సత్యమునకు ఇయ్యవలసిన కానుక.

రెండవ తప్పుదారి ఇంకను సులభము, గనుక ఇంకను అపాయకరము. "నీ పేరు లేదు, నీ వివాహము ఇచ్చటనే జరిగినదని నీవే రుజువు తెచ్చుకొనుము" అని ఆమెను పంపివేయుట. సహోదరులారా, పోగొట్టినదెవరు? ఆమె ఆనాడు వచ్చి సంఘము ముందర నిలిచి ప్రమాణము చేసి, వ్రేలిముద్ర వేసి వెళ్లినది. తాను చేయవలసినది చేసినది. ఉంచవలసినవారు ఉంచలేదు. అప్పు సంఘానిది, నడక ఆమెదా? చదువు రాని స్త్రీ బస్సు చార్జీలు పెట్టుకొని మూడు ఊళ్లు తిరిగి సాక్షులను తేవలెనని మనము కుర్చీలో కూర్చుండి చెప్పుట న్యాయమా? తిరుగవలసినది మనము. పెద్దలు ఆ యింటికి పోవలెను. మన క్రైస్తవ గృహములలో అనేకులు పెండ్లి తేదీ, బిడ్డల పుట్టినరోజులు బైబిలు మొదటి తెల్ల పుటమీద వ్రాసికొందురు, దానిని చూడవలెను. శుభలేఖ, పెండ్లినాటి ఫొటో, ఆనాడు సంతకము చేసిన సాక్షులు, మరియొక ఊరికి మారిపోయిన ఉపదేశి, రిజిస్ట్రారు కచ్చేరికి వెళ్లిన ప్రతి, ఇవన్నియు వెదకదగిన ఎగ్బతానాలు. దొరికిన దానిని వ్రాయునప్పుడు, ఇది ఫలానా తేదీన ఫలానా సాక్ష్యముమీద మరల వ్రాయబడినదని స్పష్టముగా చెప్పి, ఇద్దరు ముగ్గురు సంతకము చేయవలెను. అది ఊహ కాదు, కప్పిపుచ్చుట కాదు. సత్యమును శ్రమతో మరల కట్టుట.

యెహోయాకీము రాజు యిర్మీయా చుట్టను ముక్కముక్కగా కోసి అగ్నిలో వేసినప్పుడు, ప్రవక్త మరియొక చుట్ట తీసికొని మొదటినుండి చెప్పెను, బారూకు మొదటినుండి వ్రాసెను. ఇంకను అట్టి మాటలు అనేకము కూర్చబడెను (యిర్మీయా 36). బారూకు మరల కలము పట్టుటకు విసిగియుండినయెడల మనకు ఆ గ్రంథమెక్కడిది? మరల వ్రాయుట నీచమైన పని కాదు. మన సంఘములలో తలవంచి పేరులు వ్రాయు కార్యదర్శులు బారూకు సంతతివారు.

మరువని గ్రంథము

చివరకు ఒక ఆదరణ. ఎజ్రా దినములలో పేరు దొరకనివారు యాజకత్వమునకు దూరమైరి. అయితే మన ప్రధానయాజకుని యాజకత్వము వంశావళిమీద ఆధారపడినది కాదని హెబ్రీయుల పత్రిక 7వ అధ్యాయము బోధించుచున్నది. ఆయన కృప ఏ డిస్కుమీదను నిలిచియుండలేదు. సంఘపు రిజిస్టరులో పేరు పోయినను, గొఱ్ఱెపిల్లయొక్క జీవగ్రంథమునుండి పోదు. ఆయన తన వారిని అరచేతులమీద చెక్కుకొనియున్నాడు. అవి గాయపడిన చేతులు. మనము ఆయనకు లెక్కలము కాము, నిలువచేసిన గురుతులము కాము, పేరుపెట్టి పిలువబడిన బిడ్డలము.

దేవుడు మరువడు గనుక మనము వ్రాయనక్కరలేదని కొందరు ముగింపవచ్చును. ముగింపు దానికి ఎదురైనది. దేవుడు ఎవరిని మరువడో, వారి పేరులనే మన చేతికి అప్పగించెను. ఆయన అంత ప్రియముగా ఎంచిన పేరును మనము అంత అశ్రద్ధగా ఎట్లు ఉంచగలము? మంచి ఉపనిధిని కాపాడుమని పౌలు తిమోతికి వ్రాసినది సువార్తను గూర్చియే. అయినను సువార్త అప్పగింపబడినవానికి సువార్త చేత పిలువబడినవారి పేరులు కూడ అప్పగింపబడినవి.

ఈ నెల సంఘ కమిటీ కూడినప్పుడు పెద్దలు ఒక్క ప్రశ్న అడిగినయెడల ఈ ధ్యానము వ్యర్థము కాదు: మన పేరులు ఎన్ని చోట్ల ఉన్నవి, చివరిసారి ఎప్పుడు తెరిచి చూచితిమి?

ప్రార్థన: మమ్మును పేరుపెట్టి పిలిచిన ప్రభువా, నీవు మా చేతికిచ్చిన నీ పిల్లల పేరులను నమ్మకముగా కాపాడు మనస్సు మాకు దయచేయుము. పోయిన దానిని వెదకుటకు కాళ్లును, మరల వ్రాయుటకు ఓర్పును, తెలియని దానిని తెలిసినట్లు వ్రాయకుండ భయమును మాకిమ్ము. మా దాఖలాలో దొరకక చింతించువారిని నీ గ్రంథమును చూపి ఆదరించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.